ఏ సినిమాలోది బాబూ?

గడిచిన ఆదివారం కోనసీమలో, రావులపాలెం దగ్గర ఒక ఊళ్లో పాటల ఆల్బమ్ విడుదలకు వెళ్లాను. పాడిన కుర్రాడికి ఇరవై నాలుగేళ్లు. ఆరు పాటలు. రాసిందీ, బాణీ కట్టిందీ, పాడిందీ తనే. గిటారు స్నేహితుడిది, డోలక్ వాళ్ల రామాలయం భజనలో వాయించే పెద్దాయనది. మొదటి పాట అయింది. చప్పట్లు తగ్గాయో లేదో, ముఖ్య అతిథి మైకు దగ్గరకు లాక్కుని మనస్ఫూర్తిగా అడిగారు: "చాలా బాగుంది. ఏ సినిమాలోది బాబూ?"

"సినిమాలోది కాదండి, నాదేనండి" అన్నాడు కుర్రాడు.

"అలాగా! త్వరలో సినిమాలోకి కూడా రావాలని దీవిస్తున్నాను" అని ఆయన కూర్చున్నారు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. ఆ దీవెన నన్ను వారం రోజులుగా ముల్లులా గుచ్చుతోంది. ఆయన్ని తప్పుపట్టను. పాట చెవిన పడగానే మనందరి నోటా వచ్చేది ఆ ప్రశ్నే. పాటకు పుట్టిల్లు సినిమా ఒక్కటేనని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం.

ఆ ఆరు పాటలూ తయారైన చోటు నేను చూశాను. ఇంటి వెనక, కొబ్బరికాయలు పోసుకునే గది. గోడలకు బొంతలు కట్టారు. మైకు కొనడానికి తండ్రి పంట డబ్బులోంచి పదిహేను వేలు తీసి ఇచ్చాడు. ఫ్యాను తిరిగితే దాని రొద మైకులో పడుతుంది కాబట్టి, ఎండాకాలంలోనూ ఫ్యాను ఆపేసే పాడాడు. పగలంతా జాతీయ రహదారి మీద లారీల మోత. అందుకని రాత్రి ఒంటిగంట నుంచి నాలుగు దాకా రికార్డింగు. కోడి కూసిందంటే ఆ టేకు పోయినట్టే. ఇలా పదకొండు నెలలు. ఒక పాట మూడో చరణంలో అతను గుక్క తిప్పుకున్న చప్పుడు వినిపిస్తుంది. "తీసెయ్యొచ్చు కదా" అన్నాను. "మనిషి పాడాడని తెలియాలి కదండీ" అన్నాడు. ఇంత కష్టానికి మనం ఇచ్చిన బహుమతి ఆ ప్రశ్న.

ఈ సీజన్లో నేను వెళ్లిన నాలుగు పెళ్లిళ్లలో ఆర్కెస్ట్రా వాళ్లు పాడినవి లెక్కపెట్టాను. అరవై మూడు పాటలు. సినిమావి కానివి రెండంటే రెండు. ఆ రెండూ అన్నమయ్యవి.

ఈ గడ్డ మీద ఎప్పుడూ ఇలాగే ఉందనుకుంటే పొరపాటు. నిడదవోలులో పుట్టిన బాలాంత్రపు రజనీకాంతరావు, అత్తిలి దగ్గర తిరుపతిపురం నుంచి వెళ్లిన పాలగుమ్మి విశ్వనాథం రేడియోలో లలిత సంగీతానికి జీవితం ధారపోశారు. పాలగుమ్మి రాసి బాణీ కట్టిన 'అమ్మదొంగా' పాటను వేదవతీ ప్రభాకర్ గొంతులో విని కళ్లు తుడుచుకోని తల్లులు మా తరంలో తక్కువ. ఆకాశవాణి 'ఈ మాసపు పాట' అని ఒకే పాటను నెలంతా వినిపించేది. పుస్తకంలో రాసుకుని నేర్చుకునేవాళ్లం. అది ఏ సినిమాలోదని ఎవరూ అడగలేదు.

రాజమండ్రికే వచ్చి చూడండి. 1944లో 'తహసీల్దార్' చిత్రంతో తెలుగులో తొలి నేపథ్య గాయకుడనిపించుకున్న ఎం.ఎస్.రామారావు 1960లలో మద్రాసు విడిచి ఇక్కడికి చేరారు. ఒక గురుకుల పాఠశాలలో స్టోర్ కీపరుగా పనిచేశారు. సినిమా చేయి వదిలేశాక ఆయన పాడటం మానలేదు. వాల్మీకి సుందరకాండను పల్లెటూరి ముసలమ్మ కూడా పాడుకునే తెలుగు చేసి, సుందరదాసు అనిపించుకున్నారు. ఆ క్యాసెట్టు మోగని ఆంజనేయస్వామి గుడి ఈ చుట్టుపక్కల నేను చూడలేదు. తెలుగులో ప్రైవేటు ఆల్బమ్ సత్తా ఎంతో తెలుసుకోవాలంటే ఆ ఒక్కటి చాలు.

పాప్ పాటల కాలం వచ్చింది. రమణ గోగుల తన పాప్ ఆల్బమ్ 'ఆయే లైలా'ను హిందీలో పాడుకోవాల్సి వచ్చింది. 2000లో 'పాడుతా తీయగా' నుంచి వచ్చిన విజయవాడ అమ్మాయి స్మిత తెలుగులో పాప్ ఆల్బమ్ తెచ్చి ఊళ్లు ఊపేసింది. దాని పేరు 'హాయ్ రబ్బా'. పాట తెలుగైనా పేరుకు పంజాబీ మాట కావలసి వచ్చింది. ఆమె తెరిచిన దారిలో పదిమంది నడవాల్సింది. ఆ దారిని సినిమా ఆడియో మార్కెట్టు కమ్మేసింది. ఏళ్ల తరవాత మొన్న రమణ గోగుల గొంతు మళ్లీ ఊరూరా మోగింది. ఎక్కడ? 'సంక్రాంతికి వస్తున్నాం' సినిమాలో, గోదారి గట్టు పాటలో. మన గట్టు మీద పాటకైనా తెర ఉంటేనే చెవులు దొరుకుతున్నాయి.

ఇక నేను ఎన్నిసార్లు రాసినా అలవని మాట ఒకటుంది. పాట రాసినవాడి పేరు. క్యాసెట్టు డబ్బాలో మడతపెట్టిన అట్ట ఉండేది. పాట, రచన, సంగీతం, గానం అన్నీ చీమతలకాయంత అక్షరాల్లోనైనా అచ్చయ్యేవి. ఆ అట్ట చదివే ఎందరో కవుల పేర్లు నేర్చుకున్నాను. ఇప్పుడు ఫోన్లో పాట పెడితే హీరో బొమ్మ వస్తుంది. రాసినవాడి పేరు కోసం మూడుచోట్ల నొక్కాలి, అప్పటికీ దొరికితే దొరికినట్టు. తబలా, వేణువు వాయించినవాళ్ల ఊసే ఉండదు. పేరు చెప్పకుండా పాట పెట్టడం దొంగసొమ్ము వాడుకోవడమే. మన కుర్రాడు మాత్రం కరపత్రం మీద డోలక్ పెద్దాయన పేరు తన పేరంత అక్షరాల్లో వేయించాడు. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకోవడం చూశాను.

పేర్లంటే గుర్తొచ్చింది. రాజమండ్రిలో విగ్రహాలకు కొదవలేదు. గోదారి గట్టు వెంట నడిస్తే పెద్దలందరూ పలకరిస్తారు. జయంతికి దండ, వర్ధంతికి దండ. కానీ ఈ ఊళ్లో 1925లో పుట్టిన టంగుటూరి సూర్యకుమారి గొంతు వినాలంటే ఈ ఊళ్లో చోటేదీ? ప్రకాశం పంతులుగారి సోదరుడి బిడ్డ. గ్రామఫోను రికార్డులతో ఇంటింటికీ తెలిసిన గాయని. న్యూయార్క్ రంగస్థలం మీద రవీంద్రుడి నాటకంలో నటించి, 2005లో లండన్‌లో కన్నుమూశారు. మన గౌతమీ గ్రంథాలయంలో పుస్తకాలున్నట్టే పాటలు వినడానికి ఒక గది ఎందుకు ఉండకూడదు? ఒక విగ్రహానికయ్యే ఖర్చుతో గది తయారవుతుంది. అటక మీద పాత రికార్డులు ఉన్నవాళ్లు వాటిని పాత సామాన్లవాడికి వెయ్యకండి. ఆ గది వచ్చేదాకా దాచండి. పెళ్లిలో ఆర్కెస్ట్రా వాళ్లను సినిమాది కాని పాట ఒక్కటి అడగండి. మీ ఊరి పిల్లల ఆల్బమ్ వస్తే ఆరు పాటలూ వరసగా వినండి.

ఆ ముఖ్య అతిథిగారికీ, మనందరికీ ఒక్క సంగతి గుర్తుచేసి ముగిస్తాను. శంకరంబాడి సుందరాచారి 'మా తెలుగు తల్లికి' పాటను 1942 నాటి 'దీనబంధు' చిత్రం కోసం రాశారు. సినిమావాళ్లు వాడుకోలేదు. హెచ్ఎంవీ కంపెనీ దాన్ని ప్రైవేటు రికార్డుగా తెచ్చింది. పాడింది మన సూర్యకుమారి. బడిపిల్లలు నిలబడి చేతులు కట్టుకుని పాడే మన రాష్ట్ర గీతం ఏ సినిమాలోదీ కాదు.