మిద్దె మీద స్టాక్ పూలు తర్వాత, ముందు మల్లెకు కత్తెర పెట్టండి

ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, స్టాక్ పూల విత్తనాల ప్రకటనలే. ఇల్లంతా లవంగం వాసన వస్తుందట, కుండీలో పెంచుకోవచ్చట. శాలిబండ, లాల్ దర్వాజా, చాంద్రాయణగుట్ట దిక్కు నుంచి ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు, "అన్నా, మా మిద్దె మీద వస్తాయా?" అని. అందరికీ కలిపి ఒకేసారి చెప్తున్నా. కోపం వస్తే రానీయండి.

ముందు ఆ పువ్వుకు న్యాయం చేద్దాం. వాసన అబద్ధం కాదు. మధ్యధరా సముద్రం పక్క నేలల మొక్క అది. ఆవాలు, క్యాబేజీ దాని చుట్టాలు. తప్పు పువ్వుది కాదు, పొట్లం మీద రాయకుండా దాచిన మాటలది.

మొదటి మాట, చలి. చాలా స్టాక్ రకాలు మొగ్గ కట్టాలంటే కొన్ని వారాలు చల్లగా ఉండాలి. 18 డిగ్రీలు దాటి వేడి నిలిచిందంటే ఆకులు వేసుకుంటూ కూర్చుంటాయి. మన దగ్గర డిసెంబరు, జనవరి రాత్రులు సరిపోతాయి, పగళ్లు సరిపోవు. ఇక పాతబస్తీ మిద్దె సంగతి మీకు తెలుసు కదా. నాలుగు దిక్కులా గోడలు, కింద కాలే స్లాబు. ఫిబ్రవరి దాటితే ఆ మొక్క పని అయిపోయినట్టే.

రెండో మాట, విత్తనం. బొమ్మలో కనిపించే ముద్ద పువ్వులో కేసరాలూ ఉండవు, అండాశయమూ ఉండదు. అంటే అది విత్తనం కట్టదు. ఆ విత్తనం పక్కనున్న ఒంటి రెక్క మొక్క నుంచి రావాలి. మంచి రకంలో కూడా సుమారు సగమే ముద్దగా వస్తాయి. బొమ్మ చూసి కొన్నవాళ్లకు సగం మొక్కలు ఒంటి రెక్కవే వస్తే "నాదే తప్పేమో" అనుకుంటున్నారు. మీ తప్పేం లేదు. ఆ ముద్ద పువ్వు కోసం మళ్లీ మళ్లీ పొట్లం కొనాల్సిందే, వ్యాపారం అక్కడే ఉంది.

అయినా సరదా తీరకపోతే అక్టోబరు నడిమిలో నారు పోయండి. నీళ్లు నిలవని మట్టి, పొద్దుటి ఎండ ఉండాలి. లేత పచ్చగా ఉన్న నారు ఎక్కువగా ముద్ద పువ్వుకు పోతుంది, ముదురు పచ్చది ఒంటి రెక్కకు. ఆకు తినే పురుగును కనిపెట్టుకోండి. అంతే, ఇంతకంటే దాని గురించి చెప్పేదేం లేదు.

"పరాయి మొక్క అని నీకు పడదు" అంటారేమో. కాదు. మనం లిల్లీ అని, సుగంధరాజు అని మూరలు కొలిచి కొనే పువ్వు మెక్సికో నుంచి వచ్చిందే. వచ్చింది, మన ఎండకు నిలబడింది, మనదైంది. ఒక గడ్డ నాటితే పిల్లలు పెట్టుకుంటూ పోతుంది. ఒంటి రెక్క లిల్లీకే వాసన ఎక్కువ, అది కూడా గుర్తుపెట్టుకోండి. పుట్టింది ఎక్కడని నేను అడగను. మన నేల మీద, మన నీళ్లతో, మళ్లీ కొనకుండా బతుకుతుందా అని అడుగుతా.

మల్లె బతుకుతుంది. బియ్యం కడిగిన నీళ్లకు బతుకుతుంది. నవంబరు నెలాఖరుకు నీళ్లు తగ్గించి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూయండి. తర్వాత పశువుల ఎరువు వేసి నీళ్లు మొదలుపెట్టండి. మార్చి నుంచి మీ ఎండాకాలం మీకు పగ కాదు, పంట. ఒక కొమ్మను వంచి మట్టిలో తొక్కితే పక్కింటికి ఇంకో మొక్క. మనం మల్లె అంటాం, గోడవతల ఖాలా మోగ్రా అంటుంది. పెళ్లికొడుకు సెహ్రాకైనా, అమ్మవారి దండకైనా అదే మొగ్గ. చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో సీసాలో పెట్టి అమ్మే వాసన కూడా అదే.

మా మిద్దె మా ఇష్టం, రైతువి నీకేంది అంటారా? నాకే ఉంది. ఇవాళ ఫంక్షన్ హాళ్ల గేటు నుంచి స్టేజీ దాకా ప్లాస్టిక్ పూలే. కడిగి మళ్లీ కడతారు. గుడిమల్కాపూర్ మార్కెట్‌కు తెల్లారేసరికి పూలు చేర్చిన రైతు ధర కోసం బతిమాలుకోవాలి. ఎందుకు ఇట్లయింది? చవక అని ఒక కారణం. అసలు కారణం, వాసన లేకపోయినా ఫరవాలేదు అనే మనుషులం తయారయ్యాం. ఇంట్లో మల్లె వాసనలో పెరిగిన పిల్ల రేపు తన పెళ్లికి ప్లాస్టిక్ దండ ఒప్పుకోదు. మీరు ఇంట్లో పెంచితే నా బేరం పోదు, నా బేరం బతుకుతుంది.

జాంబాగ్, మూసారాంబాగ్, బాగ్ అంబర్‌పేట అని ఈ ఊరు పేర్లలో తోటలు మోస్తోంది. పేర్లే మిగిలాయి. ఒక్కో మిద్దె మీద రెండు మల్లె, ఒక మరువం, ఒక నాటు గులాబీ పెట్టండి. పొట్లం డబ్బులతో రెండు బస్తాల ఎరువు వస్తుంది. కత్తిరించిన రోజు ఫోటో కామెంట్‌లో పెట్టండి, ఎక్కడ ఇంకా కోయాలో నేను చెప్తా.