టాలీ అయినంత మాత్రాన

లాకర్ల గురించి వ్రాస్తానని క్రిందటి సంచికలో మాట ఇచ్చాను. ఈ మూడు నెలల్లో మా ఇంట్లో జరిగిన ఒక భాగోతం వల్ల ఆ మాట తప్పుతున్నాను. మన్నించాలి.

మా అమ్మ పాడిన పెళ్ళిపాటల క్యాసెట్లు నాలుగు, 1991లో మా చెల్లెలి పెళ్ళికి ముందు రికార్డు చేసినవి, మా బీరువాలో ఉన్నాయి. అమ్మ ఇప్పుడు లేదు. బరంపురంలో మా ఇంట్లోనే ఉండి ఇంజనీరింగ్ చదువుతున్న మేనల్లుడు వేసవి సెలవుల్లో, "మావయ్యా, వీటిని నా కంప్యూటర్లోకి ఎక్కించేస్తాను" అన్నాడు. మూడు సాఫీగా ఎక్కాయి. నాలుగోది పూర్తయ్యాక వెనక్కి తిప్పుతుంటే టేపు చుట్టుకుని నాలుగైదు చోట్ల తెగిపోయింది. పోనీలే, ఎక్కింది కదా అనుకున్నాం. అన్నీ కలిపి ఒక జిప్ ఫైలు చేసి విశాఖలో ఉన్న వాళ్ళమ్మకి పంపాడు. అక్కడ అది తెరుచుకోలేదు. ఫైలు చెడిపోయిందని వచ్చింది.

నిలదీస్తే అసలు సంగతి చెప్పాడు. మూడో క్యాసెట్టు అయ్యాక ప్రాసెసర్‌ను ఓవర్‌క్లాక్ చేశాడట. అంటే కంపెనీ నిర్ణయించిన వేగాన్ని మించి నడపడం. 100 మెగాహెర్ట్జ్ మూల వేగాన్ని 40తో హెచ్చించే చోట 44తో హెచ్చించాడు. 4 గిగాహెర్ట్జ్ కాస్తా 4.4 అయింది. అంత వేగం తట్టుకోవడానికి వోల్టేజీ కూడా నూటికి 8 పెంచాడు. ఇది కొత్త సరదా ఏమీ కాదు. 1998లో వచ్చిన సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ను 450 మెగాహెర్ట్జ్‌కి పెంచి మురిసిపోయినవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు.

"ఆన్ అవుతోంది, గేములు ఆడుతోంది, ఇంకేం కావాలి మావయ్యా?" అన్నాడు.

నాకు కంప్యూటర్ శాస్త్రం రాదు. కానీ బి.కాం. మొదటి సంవత్సరంలో నేర్చుకున్న పాఠం ఒకటి గుర్తుంది: ట్రయల్ బ్యాలెన్స్ టాలీ అయినంత మాత్రాన లెక్కలు సరియైనవని కాదు. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేయవచ్చు. గంజాం జిల్లాలో నేను చేరిన మొదటి బ్రాంచిలో లెడ్జర్లు చేత్తోనే వ్రాసేవాళ్ళం. తేడా వస్తే రాత్రి తొమ్మిదైనా ఇంటికి కదిలేవాళ్ళం కాదు. (తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమో చూడమనేవారు మా హెడ్ క్యాషియర్ గారు. చాలాసార్లు అదే అయ్యేది.) తేడా వచ్చిన రోజు ఆయన నిశ్చింతగా ఉండేవారు. చడీచప్పుడు లేకుండా టాలీ అయిన రోజే అద్దాలు సవరించుకునేవారు.

కంప్యూటరూ అంతే. ఆగిపోతే మనకి తెలుస్తుంది. ఆగకుండా తప్పు వ్రాస్తేనే ప్రమాదం. అందుకే జవాబు ముందే తెలిసిన లెక్కలిచ్చి చూడాలి. ప్రైమ్95 అనే ప్రోగ్రాం ఉంది. మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేటకోసం పుట్టింది. ప్రాసెసర్ చేత బండ గుణకారాలు చేయించి, వచ్చిన జవాబును సరియైన జవాబుతో పోల్చి, తేడా వస్తే అక్కడే ఆపేస్తుంది.

మావాడు రాత్రిపూట ఏసీ వేసుకుని పది నిమిషాలు నడిపి "పాస్" అన్నాడు. నేనొప్పుకోలేదు. వాడి వేగం పెంపు నూటికి 10. వేడి మాత్రం వోల్టేజీ వర్గాన్నిబట్టి పెరుగుతుందని వాడి పుస్తకంలోనే ఉంది. చక్రవడ్డీ వేసేవాడికి ఆ లెక్క ఎంతసేపు? 1.1 ఇంటూ 1.08 ఇంటూ 1.08, అంటే 1.28. నూటికి 10 లాభానికి నూటికి 28 వేడి! ఇక మే నెల మధ్యాహ్నం, ఏసీ ఆపి, ఫ్యాను క్రింద పెట్టించాను. ఇరవై మూడో నిమిషంలో ఒక కోరు తప్పు జవాబిచ్చి ఆగింది. ఉష్ణోగ్రత 94 డిగ్రీలు. తెర మీద మిగతావన్నీ యథాప్రకారం నడుస్తూనే ఉన్నాయి. వాడి ముఖం చూడాలి!

పాత వేగానికి తెచ్చాక అదే పరీక్ష తెల్లవార్లూ నడిచింది. మెమరీకి మెమ్‌టెస్ట్86తో పరీక్ష వేరే చేశాం. విండోస్ ఈవెంట్ చిట్టా తెరిస్తే, సర్దుకున్న హార్డ్‌వేర్ తప్పులు అంతకు ముందు వారంలోనే నమోదై ఉన్నాయి. ఎవరూ తిరగేయని డేబుక్కన్నమాట.

ఏ పెంపూ చేయనివాళ్ళకి కూడా ఈ చిక్కు వచ్చింది. ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని హెచ్చు వోల్టేజీవల్ల పాడవుతున్నాయని 2024లో ఆ కంపెనీయే ఒప్పుకుని, మైక్రోకోడ్ సవరణలిచ్చి, వారంటీ రెండేళ్ళు పొడిగించింది. అప్పటికే దెబ్బతిన్నవాటిని ఆ సవరణ బాగుచేయలేదు. వాటిలోనూ, కుదించిన ఫైళ్ళు విప్పేటప్పుడు తప్పులు రావడం తొలి లక్షణాల్లో ఒకటి.

పాటలు మళ్ళీ జిప్ చేసి పంపాం. ఈసారి చెక్‌సమ్ అనే అంకె తీసి రెండు చివరలా సరిచూశాం. పూర్వం టెలిగ్రాఫిక్ ట్రాన్స్‌ఫర్లకు మేము కోడ్ అంకె సరిచూసినట్టే. సరిపోయింది.

నాలుగో క్యాసెట్టులో మాత్రం, అప్పగింతల పాట మధ్యలో టక్కుమని ఒక చప్పుడు, సగం మాట లేదు. అది టేపు లోపమో, యంత్రం పనో తేల్చడానికి ఇప్పుడు టేపు లేదు. ఆ మాట చెల్లెలికి గుర్తుంది. ఫోనులో చరణమంతా పాడింది. మావాడు తలెత్తకుండా కూర్చుని రికార్డు చేసుకున్నాడు.

లాకర్ల సంగతి వచ్చే సంచికలో తప్పకుండా.