ఎవరి అడుగులు?

పది రోజులనాడు, ఇంకా తెల్లవారకముందే మా బావమరిది వచ్చి తలుపు తట్టాడు. ముమ్మిడివరానికి దగ్గర్లోనే అతనికి చేపల చెరువుంది.

"బావగారూ, మా గట్టుమీద చిరుతపులి తిరుగుతోందండి! ఇవాళే చెరువు చుట్టూ కరెంటు తీగ లాగించేస్తాను," అన్నాడు.

అతన్నీ తప్పు పట్టలేం. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం పక్క దివాన్‌చెరువు దగ్గర కనిపించిన చిరుత కడియం నర్సరీలదాకా వచ్చింది గదా! అప్పటినుంచీ మనవాళ్ల కంటికి ప్రతి ముద్రా చిరుతదే.

తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. "మహనీయుల అడుగుజాడలు" అని తరగతిలో ఎన్నిసార్లు అన్నానో! అసలైన అడుగుజాడని చదవడం మాత్రం కోరంగిలో నేర్చుకున్నాను. గౌతమి కవతల, 1978లో అభయారణ్యమైన ఆ మడ అడవికి విద్యార్థులతో వెళ్లినప్పుడు, ఒక అటవీ ఉద్యోగి బురదలోనే మాకు ఓనమాలు దిద్దించాడు.

ముందు వేళ్లు లెక్కపెట్టాలి. నాలుగు వేళ్లుండి, ముందు గోళ్ల గుర్తులు స్పష్టంగా ఉంటే కుక్కో, నక్కో. ముద్ర గుండ్రంగా ఉండి గోళ్లు కనబడకపోతే పిల్లిజాతి. అవి గోళ్లు లోపలికి ముడుచుకుని నడుస్తాయి. అయిదు వేళ్లూ, వాటి నడుమ పొర జాడా ఉంటే నీటికుక్క. అది తరచు ఒకేచోట పెంట వేస్తుంది. అందులో చేపపొలుసులు మెరుస్తుంటాయి.

ఇద్దరం గట్టుకి వెళ్లాం. మెత్తటి బురదలో ముద్ర పరుచుకుపోయి చాటంతగా ఉంది! అందుకే గట్టినేల మీది ముద్ర వెతికాను. నాలుగు వేళ్లు, గుండ్రటి ముద్ర, మూడు వేళ్ల వెడల్పు. చిరుతదైతే ఇంచుమించు అరచెయ్యంత ఉండాలి. పైగా ఇందులో గోళ్ల మొనలు లీలగా కనిపిస్తున్నాయి.

"ఇది నీటిపిల్లోయ్! దీని గోళ్లు పూర్తిగా లోపలికి పోవు. చేపలు పట్టే జాతి," అన్నాను.

"అయితే నా చేపలు తినేది ఇదేనన్నమాట! తీగ వెయ్యాల్సిందేనండి."

"తింటుంది, కాదనను. గట్టుకి కన్నాలు పెట్టే ఎలుకల్నీ తింటుంది. 1972 నాటి వన్యప్రాణి చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్న జంతువది, చంపితే జైలు. అదలా ఉంచు. తెల్లవారుజామున మీ పాలేరు ఈ గట్టుమీదే కదా నడిచేది? కరెంటు తీగకి చదువు రాదు, బావా. ఎవరి అడుగో చూడదు."

అతను మాట్లాడలేదు. గట్టుమీద పాలేరు ఉత్తకాళ్ల ముద్రలు, పిల్లి ముద్రల పక్కనే, బారుగా కనిపిస్తున్నాయి.

ఆ సాయంత్రం అతను తీగ తేలేదు. చెరువు చుట్టూ కట్టడానికి వల తెచ్చాడు.

మీ పెరట్లోనో, చేలోనో ఎవరివో అడుగులు కనిపిస్తే, కర్ర అందుకోబోయే ముందు ఒక్కసారి వంగి వేళ్లు లెక్కపెట్టండి. మీ పిల్లల్నీ పిలిచి చూపించండి.