గృహయంత్ర విజ్ఞానము: కారు కదలనిచో

ఒకనాటి రాత్రి మా యింట బిడ్డకు జ్వరము హెచ్చెను. కారు తాళము త్రిప్పితిమి, ‘టక్కు’మని యూరకుండెను. పొరుగువారి బండిలో వైద్యుని కడకు బోయితిమి. మరునాడు చూడగా, దోషమెల్ల బ్యాటరీ కొనలకు బట్టిన తెల్లని చిలుమే! ఆపాటి యెరిగియున్నచో అరగంట దక్కియుండెడిది.

కావున దీపములను జూచి, చెవి యొగ్గి వినుడు. తాళము త్రిప్పగానే దీపములు మసకబారి ‘టకటక’ మన్నచో బ్యాటరీ నీరసించినది, లేదా కొనలు వదులైనవి. దీపములు తగ్గకున్నను మోటారు తిరుగనిచో లోపము స్టార్టరునం దుండవచ్చును. మోటారు తిరిగియు ఇంజను అందుకొననిచో పెట్రోలో, నిప్పురవ్వయో చేరుట లేదు. ఊరక త్రిప్పుచుండినచో బ్యాటరీయు క్షీణించును.

చిలుము తీయుటకు వంటసోడా కలిపిన గోరువెచ్చని నీరు చాలును. ఇంజను నాపి, ఋణధ్రువపు నల్లతీగెను ముందు విప్పి, కడపట బిగింపవలెను. దరిని నిప్పు కూడదు. నిండిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను నడుచునపుడు 14కు చేరువ కానిచో ఆల్టర్నేటరును పరీక్షింపింపవలెను. కాలిన ఫ్యూజు స్థానమున అన్నే ఆంపియర్లది వేయుడు. లావుతీగె చుట్టినచో కారే కాలవచ్చును.

మిగిలినది పనివానికి విడువుడు. కాని యేమి చూచితిరో, యేమి వింటిరో మీరే చెప్పుడు.