పంపు మనదే... ఖర్చెవరిది?

ఒంగోలు కానివ్వండి, నరసరావుపేట కానివ్వండి, చిలకలూరిపేట కానివ్వండి... పంపు వచ్చే రోజు తెల్లవారుజామున వీధుల్లో వినిపించేది సుప్రభాతం కాదు, మోటార్ల రొద! ఆ కాసేపట్లోనే బిందెలు నిండాలి, డ్రమ్ములు నిండాలి, సంపు నిండాలి. పంపు ఆలస్యమైతే ఒకింట్లో పిల్లాడికి స్కూలు బస్సు తప్పిపోతుంది. ఇంకో ఇంట్లో మిరప కోతలకు వెళ్లే ఆవిడకి ఆ పూట కూలి పోతుంది.

అలాంటి ఊళ్లో మున్సిపాలిటీ వాళ్లొచ్చి, 'కొత్త పంపుకి డిపాజిట్ కట్టండి, రోడ్డు తవ్వినందుకు కట్టండి, భూగర్భ డ్రైనేజీలో కలుపుకోవాలంటే దానికి వేరే కట్టండి' అంటే ఏమవుతుంది? అరుగుల మీద అసెంబ్లీ మొదలవుతుంది.

''ఏటా ఇంటిపన్ను కడుతూనే ఉన్నాం కదరా! నీళ్లకీ, కాలవకీ అందులో లేదా?'' అంటాడు పెద్దాయన.

''ఉంది బాబాయ్. కానీ పంపుహౌసు కరెంటుకీ, పైపుల మరమ్మతుకీ అది చాలడం లేదంటున్నారు'' అంటాడు పక్కింటి కుర్రాడు.

''చాలకపోతే తప్పు నాదా?''

పెద్దాయన మాటలో న్యాయం లేకపోలేదు. 1965 నాటి మున్సిపాలిటీల చట్టమే ఇంటిపన్నులో నీరు-డ్రైనేజీ పన్ను, వీధి దీపాల పన్ను, పారిశుద్ధ్యపు పన్ను కలిసి ఉంటాయని చెప్పింది. ఒక్క వస్తువుకి రెండుసార్లు డబ్బు వసూలు చేస్తే కిరాణా కొట్టువాణ్నయినా నిలదీస్తాం. మున్సిపాలిటీని అడగకూడదా?

అడగడం ఈ నేలకి కొత్తేం కాదు. చీరాల-పేరాల సంగతి పిల్లలు పాఠాల్లో చదువుకునే ఉంటారు. అప్పట్లో చీరాల గుంటూరు జిల్లాలో ఉండేది. రెండు ఊళ్లనూ కలిపి తెల్లదొరలు మున్సిపాలిటీ చేశారు. పన్ను అనేక రెట్లు పెరిగింది. 'మాకీ మున్సిపాలిటీ వద్దు, ఈ పన్ను మోయలేం' అన్నారు జనం. వాళ్లను ముందుండి నడిపించినవాడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1921లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు, మున్సిపాలిటీ అక్కర్లేకపోతే దాని హద్దు దాటి బయటికి వెళ్లిపోవడమూ ఒక మార్గమేనన్నారు. అన్నంత పనీ చేశారు జనం! సొంత ఇళ్లకు తాళాలు వేసి, ఊరి బయట రామనగరం పేరుతో పాకలు వేసుకుని పదకొండు నెలలు గడిపారు. దుగ్గిరాలను జైల్లో పెట్టాక చివరికి తిరిగి రాక తప్పలేదు. మున్సిపాలిటీ మాత్రం అలాగే ఉండిపోయింది.

వందేళ్లు దాటిపోయాయి. పన్ను వేసేది ఇప్పుడు తెల్లదొర కాదు, మనం ఓటేసిన వాళ్లే. అయినా ఈ లెక్కలన్నీ మన వార్డులోనే తేలతాయనుకుంటే పొరపాటు. 2020 మేలో, కరోనా కష్టకాలంలో, రాష్ట్రాలు అదనంగా అప్పు తెచ్చుకోవడానికి కేంద్రం కొన్ని షరతులు పెట్టింది. వాటిలో ఒకటి పట్టణాలకు సంబంధించింది. ఆస్తిపన్నును భూముల విలువతో ముడిపెట్టాలి, నీటికీ మురుగుకీ తీసుకునే చార్జీలు ఖర్చుకు తగ్గట్టు ఎప్పటికప్పుడు పెంచాలి. ఆ నవంబరులోనే రాష్ట్రం చట్టాలు సవరించింది. 2021 జనవరికల్లా ఈ పని పూర్తి చేసిన మొదటి రెండు రాష్ట్రాలు ఆంధ్రప్రదేశ్, మధ్యప్రదేశ్. అందుకు మనకి దక్కింది 2,525 కోట్ల రూపాయల అదనపు అప్పుకి అనుమతి! పన్ను చెల్లింపుదారుల సంఘాలు, వామపక్షాలు రోడ్డెక్కాయి. ఆ తర్వాత వచ్చిన చెత్త పన్నుకైతే ఇంటింటా నిరసనే. 2024లో ప్రభుత్వం మారాక అది రద్దయింది.

అయితే చార్జీలన్నీ రద్దు చేస్తే కథ సుఖాంతమవుతుందా? కాదని గుంటూరును అడిగితే చెబుతుంది.

2018 మార్చిలో గుంటూరు ఆనందపేట పరిసరాల్లో అతిసారం ప్రబలింది. వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు కూడా పోయాయి. తాగే నీటి పైపుల్లోకి మురుగు చేరడమే కారణం. పంపు తిప్పి గ్లాసు పట్టుకున్న పాపానికి పోయిన ప్రాణాలవి. ఆ రోజుల్లోనే నగరంలో భూగర్భ డ్రైనేజీకి రోడ్లు తవ్వారు. ఆ పనులు పూర్తి కాకుండానే మధ్యలో ఆగిపోయాయి.

నీళ్లు, మురుగు కవలపిల్లల్లాంటివి. భూగర్భ డ్రైనేజీ ఉన్న ఊళ్లో మనిషికి రోజుకి 135 లీటర్ల నీళ్లివ్వాలని ప్రమాణం. ఐదుగురున్న ఇంటికి 675 లీటర్లు. అందులో సుమారు 80 శాతం, అంటే 540 లీటర్లు మురుగై బయటికొస్తుంది. మన ఒక్క ఇంటి లెక్కే ఇది. ఆ నీరు వీధి కాలవలో నిలిస్తే దోమ, పాత పైపులోకి ఇంకితే అతిసారం. పక్కింటివాళ్లు కనెక్షన్ తీసుకోకపోతే నష్టం వాళ్లొక్కరికే కాదు, వీధి మొత్తానికి. అందుకే ఇది 'ఇష్టమైతే కొనుక్కో' అనే సరుకు కాదు.

పోనీ, డబ్బు కట్టడానికి జనం ఎప్పుడూ ఒప్పుకోరా? చెన్నై పక్కనున్న ఆలందూరు పట్టణం 1990ల చివర్లో భూగర్భ డ్రైనేజీ తలపెట్టింది. ఇంటికి 5,000, వ్యాపార సంస్థలకు 10,000 రూపాయలు డిపాజిట్ అడిగింది. అప్పటికి అది చిన్న మొత్తమేం కాదు. అయినా వేల కుటుంబాలు ముందుకొచ్చి కట్టాయి. ఎందుకు? కాలనీ సంఘాలతో కూర్చుని మాట్లాడారు. ఎంత ఖర్చో, ఎవరి వాటా ఎంతో చెప్పారు. చెప్పినట్టే పని చేశారు.

మన దగ్గరా జనం డబ్బు తీయడం లేదనుకోవద్దు. మంచినీళ్ల క్యాను 20 రూపాయలనుకుందాం. రోజుకొకటి చొప్పున నెలకి 600. ఏడాదికి 7,200! పంపు మీద నమ్మకం లేక కడుతున్న పన్నే ఇది. రశీదు లేదు, అంతే తేడా. కాబట్టి గొడవ రూపాయి దగ్గర లేదు, నమ్మకం దగ్గర ఉంది.

అరుగుల మీది అసెంబ్లీ తీర్మానాలు చేస్తే బహుశా ఇలా ఉంటాయి. ఇంటిపన్నులో నీటికీ డ్రైనేజీకీ ఎంత వచ్చిందో, ఎంత ఖర్చయిందో వార్డు సచివాలయం గోడ మీద రాయాలి. పైపు వేశాకే, నీళ్లొచ్చాకే చార్జీ అడగాలి. కనెక్షన్ డబ్బు వేరే ఖాతాలో ఉండాలి. కూలి చేసుకునే ఇంటికి వాయిదాలో, రాయితీయో ఇవ్వాలి. ఇంటి యజమాని ఆ భారాన్ని అద్దెలో కలిపి అద్దెకున్నవాళ్ల నెత్తిన వేయకుండా ఆలోచించాలి. ఇవన్నీ జరిగాక కూడా కట్టనంటే అప్పుడు తప్పు మనదే.

''అయితే కడతావా బాబాయ్?''

''ముందు ఆ గ్లాసులో నీళ్లు మా మనవడికి భయం లేకుండా తాగించమను. ఆ మర్నాడే వెళ్లి లైన్లో నిలబడతాను'' అన్నాడు పెద్దాయన, క్యాను వంచి నీళ్లు పట్టుకుంటూ.