చేతితో కట్టిన రేడియో

పుట్టినరోజునకు ఏమి కావలెనని నేటి బాలుని అడిగినచో అతడు ఏదో యొక యంత్రము పేరు చెప్పును. ఆ యంత్రము అందమైన పెట్టెలో వచ్చును; నెల తిరుగకముందే పాతదగును; మరుసటి యేడు దానికంటె మేలైనది అంగడికి వచ్చును. యంత్రములపై మక్కువ మంచిదే. కాని యీ మక్కువ కొనుటతో మొదలై కొనుటతోనే ముగియుచుండుట నాకు నచ్చదు. వస్తువును వాడుట వేరు, దాని మర్మము నెఱుగుట వేరు. ఈ భేదమును అమెచ్యూరు రేడియో చూపినంత స్పష్టముగా మఱియే వినోదమును చూపజాలదని నా యభిప్రాయము.

అమెచ్యూరు రేడియో వారిని లోకము ‘హామ్’లని పిలుచును. వీరు ప్రభుత్వము జరుపు పరీక్షలో ఉత్తీర్ణులై, లైసెన్సు పొంది, తమ యింటనుండియే దేశదేశములవారితో సంభాషింతురు. మన దేశమున పండ్రెండేండ్లు నిండినవారు ఆ పరీక్షకు కూర్చుండవచ్చును. లైసెన్సు పొందినవారికి ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగు సంకేతనామము లభించును. దీనివలన ధనము గడించుటకు వీలులేదు. కాసు రాని పనికి ఇంత శ్రమ యేలయని పరిహసించు పెద్దలు కలరు. వారితో నేను వాదింపను.

ఈ విద్యకు తొలిమెట్టు వినుట. ఒక అట్టగొట్టముపై ఎనామెలు పూత గల రాగితీగను చుట్టి, దానికి గ్యాంగు కండెన్సరును, జెర్మేనియం డయోడును, చెవిలో పెట్టుకొను ఇయర్‌ఫోనును, ఏరియల్, ఎర్తు తీగలను తగిలించినచో, సమీపమున నున్న మీడియం వేవు కేంద్రపు ప్రసారము వినవచ్చును. బ్యాటరీ అక్కరలేదు. దూరపు స్తంభమునుండి వెలువడిన తరంగము ఏరియల్‌లో పుట్టించిన కొలదిపాటి విద్యుత్తే చెవియొద్ద నున్న పలుచని రేకును కదల్చును. డయోడులు రాకపూర్వము ఆ పనిని గెలీనా యను సీసపు ఖనిజ స్ఫటికము చేసెడిది. అట్టి స్ఫటికముతో విద్యుత్తరంగములను పసిగట్టు సాధనమునకు జగదీశ చంద్ర బోసుగారు 1904లో అమెరికా పేటెంటు పొందిరి.

మొదటి ప్రయత్నమున సెట్టు పలుకకపోవుటయే సాధారణము. వెదకగా వెదకగా, తీగ కొనలయందలి ఎనామెలు గీకుట మఱచితిమని తేలును. లేదా, మాటు వేసిన సీసము గట్టిపడకముందే తీగ కదలి, అతుకు పైకి బాగున్నట్లే కనబడుచు లోపల వదులై యుండును. పలుకని సెట్టు ముందు కూర్చుండి గడపిన ఆ రెండు గంటలలో నేర్చినది నెలనాళ్లు పుస్తకము చదివినను పట్టుబడదు. కొన్న పెట్టె పలుకనిచో దానిని దుకాణమునకు మోసికొనిపోదుము. అంతటితో మన విద్య సరి.

వినుట సరే, మాటలాడు సెట్టు సామాన్యులకు సాధ్యమా? హైదరాబాదు వాస్తవ్యులైన అష్హర్ ఫర్హాన్ గారు ‘బిట్‌ఎక్స్’ అను సెట్టును రూపొందించి, ఎవరైనను కట్టుకొనునట్లు దాని పటమును లోకమునకు వెల్లడించిరి. అట్టి సెట్టులలోని తీగచుట్లకు టొరాయిడులను ప్రత్యేకమైన వలయములు కావలెను. అవి మన యూళ్లలో సులభముగా దొరకవు. ఫర్హాన్ గారు వానికి బదులుగా కుళాయిలో వేయు వాషరులపై తీగ చుట్టిరి! తక్కినవి కోఠీలోని గుజరాతీ గల్లీ వంటి బజారులలో దొరకు మామూలు సరకులే. ఆ సెట్టు శక్తి సుమారు ఆఱు వాట్లు; పడకగది చిన్నదీపమునకు చాలునంత. అయినను దాని తరంగములు భూమికి వంద కిలోమీటర్లకు పైబడిన యెత్తున, సూర్యకాంతిచే విద్యుదావేశము పొందిన పొరలనుండి మరలి, దూరదేశముల దిగును. అనేక దేశముల హామ్‌లు దీనిని తమ చేతులతో కట్టుకొనిరి. వేలు పోసి తెచ్చిన విదేశపు సెట్టుకంటె ఈ కుళాయి వాషరుల సెట్టే నాకు ఘనముగా తోచును.

ఇందుకొక ఆక్షేపణ కలదు, అది న్యాయమైనదే. ఆపత్కాలమున చేతిసెట్టును నమ్ముకొనవచ్చునా? 2004 డిసెంబరులో భారతీ ప్రసాద్ గారు బృందముతో అండమాను దీవులకు పోయి, పోర్టుబ్లెయిరునుండి ప్రపంచపు హామ్‌లతో మాటలాడుచుండిరి. ఆ నెల 26వ తేదీన సునామీ వచ్చెను. టెలిఫోనులు మూగవోయిన వేళ, వినోదమునకై నెలకొల్పిన ఆ కేంద్రమే వార్తాకేంద్రమయ్యెను. ఎవరు బ్రతికిరో ఎవరు లేరో తెలియక తల్లడిల్లు కుటుంబములకు కబురులు చేర్చెను. అట్టి దూరయాత్రలకు కర్మాగారములలో చేసిన సెట్లనే కొనిపోవుదురు, అది వివేకమే. కాని పెట్టె యొక్కటియే మాటలాడదు. 7 మెగాహెర్ట్జుల తరంగమునకు ఎంత తీగ కావలెను? 300ను 7తో భాగింపగా తరంగము పొడవు సుమారు 43 మీటర్లు. అందు సగము 21. కొనల ప్రభావమునకు కొంత తగ్గించి, 20 మీటర్ల తీగ కట్టవలెను. గాలికి తెగిన తీగను ఈ లెక్క యెఱిగినవాడు నిమిషములలో మరల కట్టును. ఎఱుగనివాని చేతిలో ఖరీదైన సెట్టు ఇనుపపెట్టెతో సమానము.

లైసెన్సు లేక ప్రసారము చేయుట నేరమనియు, కరెంటు తీగల చెంత ఏరియల్ కట్టుట ప్రాణాంతకమనియు వేఱుగ చెప్పనక్కరలేదు.

మన పాఠశాలల ప్రదర్శనలలో అంగడి నమూనాలు బల్లలపై మెఱయుచుండును. మాటు వంకరగా పడినను, పిల్లవాడు తానే కట్టిన సెట్టునకు అచ్చట చోటు దొరకవలెను. ఇది అసాధ్యపు కోరిక కాదు. 2005 మే 5వ తేదీన శ్రీహరికోటనుండి ఎగసిన రాకెట్టు, కార్టోశాట్‌తో పాటు హామ్‌శాట్ అను 42.5 కిలోల చిన్న ఉపగ్రహమును హామ్‌ల కొఱకు అంతరిక్షమున నిలిపెను. అది 2014 వఱకు పనిచేసెను. అందలి రెండు ట్రాన్స్‌పాండరులలో ఒకటి మన దేశమున తయారైనది. రెండవదానిని నిర్మించినది హాలెండులో ఇంజనీరింగు చదువుచుండిన యొక విద్యార్థి.