ప్రాణం పోయాక మైకు కాదు, ప్రాణం వుండగా పాట కావాలి

తెల్లవారుజామున మైకులో ఘంటసాల గొంతు వినపడితే చాలు, వూళ్ళో జనం చేతిలో పని ఆపి "ఎవరు పోయారు?" అని అడుగుతారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన ఘంటసాల తన చివరి రోజుల్లో పాడిన భగవద్గీతకు తెలుగు పల్లెల్లో పట్టిన గతి యిది. యుద్ధభూమిలో చతికిలబడ్డ మనిషిని లేపి నిలబెట్టడానికి చెప్పిన గీతను, యిక ఎన్నటికీ లేవని మనిషి తల దగ్గర వినిపిస్తున్నారు. మామూలు రోజున యింట్లో ఆ పాట పెడితే "అశుభం, కట్టెయ్యి" అనేదాకా వచ్చింది.

వినవలసిన మనిషి వినలేని స్థితికి చేరాక పాట మొదలవుతోంది. వినగలిగిన రోజుల్లో ఆ మంచం పక్కన వినిపించేది ఏమిటి? ఒక పక్క టీవీ మోత. మరో పక్క పరామర్శకు వచ్చినవారి మాటలు. డాక్టరు ఏమన్నాడు, ఖర్చు ఎంతయింది, పొలం ఎవరి పేర రాశాడు అన్న చర్చ. రోగికి స్పృహ లేదన్న ధీమాతో అదంతా తల దగ్గరే సాగుతుంది.

పెద్దల పద్ధతి వేరు. కొనవూపిరితో వున్నవారి నోట తులసి తీర్థం పోసి, చెవి దగ్గర దైవనామం చెప్పేవారు. తత్త్వాలు పాడేవారు తంబురతో వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. ముస్లింల యిళ్ళలో ఆఖరి ఘడియల్లో యాసీన్ సూరా చదువుతారు. క్రైస్తవుల యిళ్ళకు సంఘస్తులు వచ్చి కీర్తనలు పాడి ప్రార్థన చేస్తారు. మతం ఏదైనా పెద్దలకు తెలిసిన సంగతి ఒక్కటే: చూపు మందగించినా, మాట పడిపోయినా, చెవి చివరిదాకా వుంటుంది.

యీ మాటను శాస్త్రం కూడా కొంతవరకు బలపరిచింది. కెనడాలోని వాంకూవర్‌లో, నయంకాని రోగులను చివరిదాకా కనిపెట్టి చూసే ఒక హాస్పీస్‌లో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వారు పరిశోధన జరిపి 2020లో ఫలితాలు ప్రకటించారు. మరణానికి కొద్ది గంటల ముందు, పలకరిస్తే పలకని స్థితిలో కూడా కొందరి మెదడు శబ్దాలకు స్పందించింది. విన్నది వారికి అర్థమయిందని దీనివల్ల రుజువు కాలేదు. కాని రోగికి ఏమీ వినపడదన్న ధీమా తగదని మాత్రం తేలింది.

అమెరికాలో కొందరు దీనినే ఒక సేవగా చేపట్టారు. మోంటానా రాష్ట్రంలోని మిసూలా పట్టణంలో 1990 దశకంలో థెరీస్ ష్రోడర్ షేకర్ అనే విద్వాంసురాలు, చనిపోతున్న రోగుల పక్కన హార్ప్ అనే తంత్రీవాద్యం వాయించేవారికి శిక్షణ యిచ్చారు. రోగి వూపిరి ఎంత నెమ్మదిగా ఆడితే వాద్యం కూడా అంత నెమ్మదిగా సాగాలన్నది వారి పద్ధతి. కాలిఫోర్నియాలో కేట్ మంగర్ 2000లో ఆరంభించిన గాయక బృందానికి థ్రెషోల్డ్ కోయిర్ అని పేరు. థ్రెషోల్డ్ అంటే గడప. యిద్దరు ముగ్గురు మంచం పక్కన కూర్చొని, వాద్యాలు లేకుండా, జోలపాటంత మెత్తగా పాడతారు. డబ్బు పుచ్చుకోరు.

యిది తెలుగు పల్లెలకు చేతగాని పని కాదు. రామాలయం వున్న వూళ్ళో భజన తెలిసినవారు నలుగురైనా వుంటారు. ధనుర్మాసంలో చలికి వణుకుతూ వీధి వీధీ తిరిగి సంకీర్తన చేస్తారు. తిరుమల తిరుపతి దేవస్థానం దాస సాహిత్య ప్రాజెక్టు జరిపే మెట్లోత్సవాలకు వెళ్ళి అలిపిరి మెట్ల మీద పాడేవారూ వున్నారు. కొండ మెట్లెక్కి పాడే గొంతు, వీధి చివర వున్న మంచం పక్కకు రావడానికి ఎందుకు వెనకాడాలి?

వెనకాడడానికి కారణం వుంది. "యింకా ప్రాణం వుండగానే భజన పెట్టించారు, ఎప్పుడు పోతుందా అని చూస్తున్నారు" అని నలుగురూ అంటారన్న భయం. యీ భయం కొట్టిపారేయదగినది కాదు. కోడలు ఆ నింద మోయలేదు. పాట వినగానే తనకు చివరి రోజు వచ్చిందని రోగి బెదిరినా బెదరవచ్చు. దీనికి విరుగుడు వూరి చేతిలోనే వుంది. చావుకు దగ్గరైన యింటికే పోకుండా, పక్షవాతంతో మంచాన పడ్డవారు, కాలు విరిగి కదలలేనివారు, దీర్ఘరోగులు వున్న ప్రతి యింటికీ శనివారమో ఏకాదశికో ఒక పావుగంట వెళ్ళడం ఆనవాయితీ చేసుకుంటే పాటకు చావు వాసన అంటుకోదు. ఆరు నెలలుగా వస్తున్న గొంతే ఆఖరి రోజున కూడా వస్తే రోగికి అది అపశకునం కాదు, అలవాటైన తోడు.

అయితే పాడడానికీ ఒక మర్యాద వుంది. ముందు రోగిని అడగాలి. మాట లేకపోతే అతనికి ఏది యిష్టమో యింటివారిని అడగాలి. దేవుడి పాటే కావాలని నియమం లేదు. వూడ్పుల పాట వింటూ బతికిన అవ్వకు అదే కీర్తన. యిద్దరు ముగ్గురు చాలు. డోలక్, పెద్ద తాళాలు గుడిలోనే వుంచాలి. నుదురు ముడిపడినా, వూపిరి ఎగదన్నినా, చేయి విసిరినా వెంటనే ఆపాలి. పాట అయ్యాక కాసేపు మౌనంగా కూర్చొని లేవాలి. భజన బృందం లేని వూళ్ళో, గొంతు బాగాలేని కూతురు పాడినా చాలు. ఆసుపత్రిలో అయితే సిబ్బంది అనుమతితో సెల్‌ఫోనులో తక్కువ శబ్దంతో వినిపించవచ్చు.

పాట నొప్పికి మందు కాదు. కాన్సరు నొప్పితో మెలికలు తిరిగేవారికి ముందు కావలసింది డాక్టరు, మార్ఫిన్ వంటి మందు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం వుంది. వైద్యుల చేత మార్ఫిన్ అందించడం సులభం కావాలని 2014లో మాదకద్రవ్యాల చట్టాన్ని సవరించారు కూడా. మందు నొప్పిని తగ్గిస్తుంది. ఒంటరితనాన్ని తగ్గించడానికి మనిషి కావాలి.

యీ పాట వల్ల మేలు పోయేవారికే కాదు, వుండేవారికి కూడా. రాత్రంతా చేయి పట్టుకొని కూర్చున్న కొడుక్కి ఏం మాట్లాడాలో తోచదు, ఏం చేయాలో తెలియదు. నలుగురు వచ్చి మెల్లగా ఒక పాట అందుకుంటే అతడూ గొంతు కలుపుతాడు, లేదా ఆపుకున్న ఏడుపు ఏడుస్తాడు. "ఆఖరి వేళ నాన్నకు యిష్టమైన పాట విన్నాడు" అన్న తృప్తి తరవాత ఏళ్ళ తరబడి అతనికి తోడు వుంటుంది.

యిక మైకు సంగతి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 గంటల వరకు బయట లౌడ్‌స్పీకర్లు పెట్టరాదు. చావింట్లో యీ మాట ఎత్తడానికి ఎవరికీ నోరు రాదు. కాని ఆ మైకు పక్కవీధిలో మంచాన వున్న మరో ముసలావిడకు కూడా వినిపిస్తోంది. "రేపు నాకూ యిదే" అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంటోంది.

భజన మండళ్ళ పెద్దలు, చర్చి సంఘాల వారు, మసీదు పెద్దలు కూర్చొని యీ విషయం ఆలోచించవలసిన ఆవశ్యకత ఎంతైనా వుంది. ఏ యింట్లో ఎవరు మంచాన వున్నారో ఆశా కార్యకర్తలకు తెలుసు. యింటివారు సమ్మతిస్తే వారే కబురు అందించగలరు. యిందుకు నిధులు అక్కర్లేదు, జీవోలు అక్కర్లేదు. చావుకు టెంటు, మైకు మాట్లాడేవారు అంతకు వారం ముందే ఒక సాయంత్రం వచ్చి మంచం పక్కన కూర్చుంటే చాలు.